అత్తయ్యగారికి నేను చూపించిన చంద్రుడు

తిథులూ వ్రతాలూ నమ్మేవాళ్లు కాస్త గుండె చిక్కబట్టుకుని చదవండి. ఒక పెద్దావిడ పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా చేసిన ఉపవాసాన్ని నేను ఒకే ఒక్క ఫొటోతో మట్టిలో కలిపాను. ఆవిడ మా అత్తగారు. ఆ ఉపవాసం నా కోసమే. ఇప్పటికీ తలుచుకుంటే దిండులో మొహం దాచుకోవాలనిపిస్తుంది.

అప్పటికి నా ఉద్యోగం ఊడి కొన్ని నెలలైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దింట్లో కూర్చుని నేను సాధించిందల్లా కొత్త ఫోనుతో చందమామను ఫొటో తీసే కిటుకు ఒక్కటే. తెర మీద రెండు వేళ్లతో సాగదీస్తే చాలు, మచ్చలతో సహా గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. పాలవాడికీ చూపించాను, కొరియర్ అబ్బాయికీ చూపించాను. అల్లుడి ప్రతాపం ఎక్కడిదాకా వచ్చిందో చూసి, తెనాలి నుంచి వచ్చిన అత్తయ్యగారు నా ఉద్యోగం కోసం సంకటహర చవితి వ్రతం పట్టారు. నెలకో చవితి, చంద్రుణ్ణి చూశాకే ముద్ద.

ఆ నెల చవితికి ఆకాశమంతా మబ్బు.

"ఇంకా రాలేదుటే అమ్మాయ్?" మేడ మీద కుర్చీలో వాలిపోయి మా ఆవిణ్ణి అడిగారు అత్తయ్యగారు.

"ఉండండి అత్తయ్యగారూ, నా ఫోనుంది కదా!" అన్నాను. గొయ్యి ఎంత ఉత్సాహంగా తవ్వుకున్నానో చూశారా?

ఎల్బీనగర్ వైపు, మసకలో ఏదో తెల్లగా కనబడింది. ఫోనెత్తి సాగదీశాను. ముందు పిండిముద్దలా ఉన్నది, క్షణంలో మచ్చలు తేలి చంద్రుడైపోయింది.

"వచ్చేశాడు!"

ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. "చవితినాడు ఇంత గుండ్రంగా ఉన్నాడేంటి బాబూ?"

"మంచి కెమెరా కదండీ."

నన్ను ఉద్యోగంలోంచి తీసేసినవాళ్లది ఎంత ముందుచూపో మీకీపాటికి అర్థమై ఉంటుంది.

అత్తయ్యగారు అర్ఘ్యం వదిలారు. కళ్లు మూసుకుని, నా పేరు చెప్పి దండం పెట్టుకుని, ఉండ్రాయి నోట్లో వేసుకున్నారు. అంతే, చంద్రుడు ఆరిపోయాడు.

"ఏవండీ, చంద్రుడేడి?" అంది మా ఆవిడ.

"మబ్బు."

మళ్లీ వెలిగాడు. మళ్లీ ఆరాడు. పెళ్లిపందిట్లో సీరియల్ బల్బు నయం.

ట్యాంకులో నీళ్లు చూడ్డానికి పైకొచ్చిన ఇంటి ఓనరు నర్సింహన్న ఆగిపోయాడు. "ఏంది తమ్మీ, అందరు గటు మొక్కుతున్నరు?"

"చంద్రుడికి, అన్నా."

"గది చంద్రుడా! మా బావమరిది ఇంటి మీది గుండు లైటు గది. వైరు లూజున్నది, జర చూస్కోమని పొద్దుగాల్నే చెప్పిన!"

తెల్లగా గుండ్రంగా ఏది దొరికినా నా ఫోను దానికి మచ్చలు పెట్టేస్తుందట. ఆ ముక్క నాకు తర్వాత తెలిసింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. నేను అత్త ఉపవాసాన్ని గుండు లైటుకి దానం చేశాను.

అత్తయ్యగారు ఆ ఉండ్రాయిని మింగలేక, కక్కలేక నా వైపు చూశారు. తిట్టినా బాగుండేది. కిందికెళ్లి, నోరు పుక్కిలించి, ఏమీ తినకుండా పడుకున్నారు. కాసేపటికి అసలు చంద్రుడు, ఓ పక్క కొరికిన అట్టులా, తీరిగ్గా బయటికొచ్చాడు. ఆవిణ్ణి లేపే మొహం నాకెక్కడిది?

మరుసటి చవితికి వ్రతం మళ్లీ మొదటి నుంచి మొదలైంది. దేవుడి గది బయట నిలబడి ఆవిడ సంకల్పం చెవులారా విన్నాను.

"స్వామీ, ఉద్యోగం సంగతి నిదానంగా చూద్దువుగాని. ముందు మా అల్లుడికి కాస్త బుద్ధి ప్రసాదించు."

అందుకని అష్టదిక్పాలకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చంద్రుడే మెట్లెక్కి వచ్చి, ఒక్క ఫొటో తీసిపెట్టవయ్యా అని గడ్డం పట్టుకుని బతిమాలినా సరే, ముందు అత్తయ్యగారికి చూపించి, అది చంద్రుడేనని ఆవిడ తేల్చాకే ఫోను బయటికి తీస్తాను.