ఆయ్ అంటే అవునని కాదు

నీట్‌లో నాకొచ్చిన మార్కులెన్నో ఇక్కడ రాయను. ఆ ఏడాది మూడు నెలలపాటు మా ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ల కంటే మార్కులడిగినవాళ్లే ఎక్కువ. కాయలు దింపడానికి వచ్చినాయన చెట్టెక్కబోతూ ఆగి మరీ అడిగాడు. రాజోలు బస్సులో పక్క సీటావిడ నేనెవరో తెలియకపోయినా ఒళ్లో ఫైలు చూసి అడిగింది. అంకె చెప్పగానే సంతోషించాలో జాలిపడాలో తెలియక అందరి నోరూ కాస్త తెరుచుకుని ఆగిపోయేది. అంత నికార్సయిన సగటు మార్కులు నావి. మరీ తక్కువొస్తే రెండు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని. ఈ మధ్యలో వేలాడటం మాత్రం పగవాళ్లకి కూడా వద్దు.

అమ్మకి అన్నయ్య, మా మావయ్యగారు, కొత్తపేటలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతారు. కిందటేడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు అయిపోయాయో చూసి ఆయన నా కోసం ఒక పట్టీ తయారు చేసి రంగులు వేసుకొచ్చారు. ఆకుపచ్చ అంటే సీటు వస్తుంది. ఎరుపంటే ఆశ వదులుకోవాలి. పసుపంటే ఏమీ చెప్పలేం. కాకినాడ ఎరుపు. రాజమండ్రి దగ్గర మొదలై కిందిదాకా అంతా పసుపే. ఆకుపచ్చ గడి ఒక్కటంటే ఒక్కటి, మన్యంలో కొండల మీద కొత్తగా పెట్టిన కాలేజీది.

పసుపు శుభమేగా అన్నయ్యా, అంది అమ్మ. మావయ్యగారు నవ్వారు. నాకు ఒళ్లు మండి, తలుపు ధడాలున వేసి డాబా మీదకి పోయాను.

ఆ నెలంతా నేను చేసిన పని అదే, డాబా మీద ఎండబెట్టిన కొబ్బరి చిప్పల చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరగడం. ఫోనులో అవే జాబితాలు, అవే పేజీలు. పొద్దున చూసిన అంకె సాయంత్రానికి మారదని తెలిసినా చూసేదాన్ని. నా ముందున్నవాళ్లలో ఎంతమంది వేరే రాష్ట్రాలకి పోతారో లెక్కలు వేసేదాన్ని. ముక్కూ మొహం తెలియని పిల్లలకి ఢిల్లీలో సీట్లు రావాలని దండాలు పెట్టుకున్నాను. ఒకరిద్దరికి ఇంజనీరింగు మీద మనసు మళ్లితే బాగుండునని కూడా అనుకున్నాను. సిగ్గుగానే ఉంది రాస్తుంటే.

ఇక మా నాన్న. మా మండలంలో పశువుల ఆసుపత్రిలో అటెండరు. సూదిమందు అందించడం, గేదె తల పట్టుకోవడం, చీటీలు రాయడం ఆయన పని. ఊళ్లో అందరూ ఆయన్నే డాక్టరు గారూ అంటారు. నేను డాక్టరుని కాదండీ అని ఆయన చెప్పినన్నాళ్లు చెప్పి మానేశారు. ఆ పిలుపు మా ఇంట్లో ఒకరికైనా నిజం కావాలని ఆయనకుండేది. పైకి ఎప్పుడూ అనలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదని నమ్మిన మనిషి. ఎవరేం చెప్పినా ఆయన నోట ముందొచ్చే మాట ఆయ్. మా వైపు వాళ్లకి దీని సంగతి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ఆయ్ అంటే అవునని అర్థం, కానీ ప్రతిసారీ కాదు. వింటున్నానండీ, మీ మాట చెవిన పడిందండీ, తరవాత సంగతి చెప్పండీ, ఇవన్నీ ఆయ్యే. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మధ్యలో ఆయ్ అనకపోతే పొగరనుకుంటారు. అది ఏ ఆయ్యో గొంతుని బట్టి మాకు తెలిసిపోతుంది. నాన్న ఆయ్‌లు నాకు ఇంకా బాగా తెలుసు. పై ఆఫీసరుకి చెప్పేది పొట్టిది. గేదె చచ్చిపోయిన రైతుకి చెప్పేది పొడుగ్గా, కిందికి దిగుతూ ఉంటుంది.

కాలేజీల వరస పెట్టడానికి ఆఖరి రోజున అమలాపురం వెళ్లాం. అంటే మనకి కావలసిన కాలేజీలు ఒకటి కింద ఒకటి పెట్టి పంపితే, పైనుంచి చూసుకుంటూ వచ్చి మన ర్యాంకు ఎక్కడ సరిపోతే అక్కడ సీటిస్తారు. జాబితాలో పెట్టని కాలేజీ ఇవ్వరు. నెట్ సెంటరులో కంప్యూటరు ముందు కూర్చున్నావిడ అనంతపురం నుంచి మా వైపు కోడలుగా వచ్చి అప్పటికి రెండు నెలలయిందట. చకచకా కొట్టేస్తోంది. నాన్న ఆవిడ కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను పక్కన స్టూలు మీద ఉన్నాను. ఆవిడ ఒక్కో కాలేజీ చదివి అది ఎక్కడుందో, హాస్టలుందో లేదో చెబుతోంది, నాన్న ఆయ్ అంటున్నారు.

వరస చివరికి వచ్చాక ఆవిడ ఆగింది. "సార్, ఈ కొండల్లోది శానా దూరమైతాది. ఆడపిల్ల కదా, తీసేద్దామా?"

"ఆయ్," అన్నారు నాన్న.

అది వింటున్నానండీ అనే ఆయ్. తరవాత నా వైపు తిరిగి ఏమంటావమ్మా అని అడగబోయే ముందు వచ్చే ఆయ్. ఆయన తిరిగేలోపు జేబులో ఫోను మోగింది, ఓటీపీ అంకెలొచ్చాయి, ఆవిడ అడిగింది, ఆయన కళ్లజోడు వెతుక్కుని చదివి చెప్పారు. అంతటితో అయిపోయింది. కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నాం, కింద చెరుకురసం తాగాం, ఊరొచ్చేశాం.

మొదటి విడతలో నాకు ఎక్కడా రాలేదు. పసుపు గడులన్నీ ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. మన్యం కాలేజీలో మాత్రం నా కంటే చాలా వెనక ర్యాంకు వాళ్లకి కూడా సీటొచ్చింది. మావయ్యగారు పరుగున వచ్చి ఫైల్లో కాగితం తీసి పైనుంచి కిందికి రెండుసార్లు చదివారు. ఇక్కడ ఉండాలి కదా బావగారూ, అని వేలు పెట్టి చూపించారు. నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ ఖాళీ చోటు చూసి అన్నారు.

"ఆవిడేదో చెబుతుందని ఆయ్ అన్నానండీ. తీసెయ్యమని కాదండీ."

రెండో విడతకి మళ్లీ పెట్టాం. అప్పటికి అక్కడ మిగిలిన కొద్దిపాటి సీట్లూ నా ముందువాళ్లతోనే అయిపోయాయి. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. అమ్మ రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు, మాట్లాడిన రోజున అన్న మాటలు రాయను. నన్ను లాంగ్‌టర్మ్ కోచింగుకి పంపారు.

ఆ ఏడాది నాన్న ఆయ్ అనడం మానేశారు. నేను సెలవులకి వచ్చినప్పుడు గమనించాను. రైతు వచ్చి దూడ పాలు తాగట్లేదండీ అంటే, విన్నానండీ అంటారు. పాలాయన రేపు రానండీ అంటే, సరేనండీ, రేపు రారన్నమాట, అని ఖాయం చేసుకుంటారు. కోర్టులో సాక్షి చెప్పినట్టు ప్రతి మాటా విడమరిచి చెబుతుంటే జనం నవ్వుకున్నారు. డాక్టరు గారికి ఇంగ్లీషు చదువేదో ఒంటబట్టిందని ఎగతాళి చేశారు. నాకు నవ్వు రాలేదు. కోచింగు హాస్టలు మంచం మీద పడుకుని ఎముకల పేర్లు చదువుకుంటూ ఉంటే మధ్యలో ఆయన గొంతే గుర్తొచ్చేది.

ఎందుకంటే ఆ రోజు నేను చూశాను. ఆవిడ వేలు కదలడం, మన్యం కాలేజీ వరసలోంచి పోవడం, కింద ఖాళీ మిగలడం, అన్నీ స్టూలు మీద నుంచి చూశాను. నాన్న అన్నది ఏ ఆయ్యో నాకు తెలుసు. ఉండండి, అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. కొండలంటే భయం వేసింది. అంతకంటే నామోషీ. మా క్లాసువాళ్లందరూ కాకినాడ, రాజమండ్రి అంటుంటే నేను ఎవరూ పేరు వినని చోటికి పోతానా అనుకున్నాను. ఎలాగూ పసుపుల్లో ఒకటి తగులుతుందని ధీమా. మావయ్యగారు కాగితం మీద వేలు పెట్టిన రోజున కూడా నోరు విప్పలేదు. ఒక ఏడాదిపాటు నా తప్పు ఆయన మోస్తుంటే చూస్తూ కూర్చున్నాను.

రెండోసారి కూడా మార్కులు గొప్పగా ఏం పెరగలేదు. సగటులో కాస్త పైమెట్టు. ఈసారి నెట్ సెంటరులో నాన్న కుర్చీ తెచ్చుకుని ఆవిడ పక్కనే కూర్చున్నారు. ఉంచండి, ఇదీ ఉంచండి, అది కూడా ఉంచండి, అని ప్రతిదానికీ చెప్పారు. ఏదీ తీయనివ్వలేదు. సీటొచ్చింది. మన్యంలోనే.

చేర్పించడానికి నాన్న వచ్చారు. ఘాటు రోడ్డు మలుపుల్లో ఆయనకి కడుపులో తిప్పింది, అయినా కిటికీలోంచి చూస్తూ ఎంత బాగుందమ్మా అంటూనే ఉన్నారు. హాస్టల్లో పెట్టె దింపి, బకెట్టూ చాపా కొని, ఇద్దరం బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం.

"నా నోరేనమ్మా," అన్నారు. "ఆ వేళ ఆయ్ అనకపోతే ఈపాటికి నీకు ఒక ఏడు చదువు అయిపోయేది."

ఇంక నా వల్ల కాలేదు. "నాన్నగారూ, ఆవిడ తీసేస్తుంటే నేను చూసేనండీ. మీరు తీసెయ్యమనలేదని కూడా తెలుసు. ఇక్కడికి రావడం ఇష్టం లేక ఊరుకున్నాను."

ఆయన నా మొహం వైపు చూడలేదు. చేతిసంచీ జిప్పు తీసి, మళ్లీ వేశారు. మలుపులో బస్సు కనబడింది. తిడతారనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. బస్సు దగ్గరికొచ్చి ఆగాక అన్నారు.

"ఆయ్."

ఏడాది తరవాత ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. పైగా మా వైపు పెద్దలు పిల్లలతో ఆయ్ అనరు. పిల్లలకి ఊ చాలు. ఆయ్ అనేది పెద్దవాళ్లకి, ఆఫీసర్లకి, పరాయివాళ్లకి. నాతో నాన్న అంతకు ముందు ఎన్నడూ అనలేదు.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, వేళకి తినమని చేత్తో సైగ చేశారు. ఆయన ఆయ్‌లన్నీ నాకు తెలుసని పైన రాశాను. ఈ ఒక్కటీ తెలియలేదు. అది అవుననా, వింటున్నాననా, నేనిప్పుడు ఆయనకి పరాయిదాన్ననా అని అడిగే ధైర్యం ఇప్పటికీ రాలేదు.