బాపు రుచి చూసిన బెల్లం

పిల్లలూ, మూడు రోజులుగా మా ఉప్పుగూడలో ముసురు పట్టింది. పక్కింటివాళ్లు బోనానికి బెల్లమన్నం వండుతున్నట్టున్నారు, పాలల్లో ఉడికే బియ్యం, కరిగే బెల్లం కలిసిన వాసన గోడ దాటి నా మంచం దాకా వచ్చింది. పుణెలో ఉన్న మీకు ఇది పండుగ వాసన. నాకు మాత్రం మా బాపు వాసన, మా నాన్నను అట్లాగే పిలిచేదాన్ని.

బాపుకు బేగంబజార్‌లో బెల్లం దుకాణం ఉండేది. ఆషాఢంలో బడి లేని రోజు ఆయన టిఫిన్ డబ్బా పట్టుకొని నేనూ వెళ్లేదాన్ని. తడిసిన గోనెసంచులు, తోపుడుబండ్ల వాళ్ల కేకలు, ముద్దల మీద ముసిరే ఈగలు, మెట్టు మీద కూర్చొని నేనాడిన కచ్చకాయలు, అన్నీ జిగటజిగటగానే గుర్తు. ఏ గిరాకీ వచ్చినా బాపు ముద్ద అంచు గిల్లి నోట్లో వేసుకొని, కళ్లు మూసుకొని, ఇది ఉప్పు నేల చెరుకు, ఇది నిరుటి సరుకు అని చెప్పేవాడు. ఆ మాటకు తిరుగుండేది కాదు. ఉమ్మేవాడు కాదు, బెల్లం ఉమ్మితే లక్ష్మిని ఉమ్మినట్టేనట. ప్రతి చిటికెలో సగం నా నోట్లో పెట్టేవాడు.

నాకు పదేళ్లప్పుడు ఆయనకు షుగర్ బయటపడింది. జీర్ణకోశం వెనక క్లోమమని ఒకటుంటుందని, అన్నమూ తీపీ తిన్నప్పుడల్లా దానికి పని పడుతుందని, అది అలసిపోయింది కాబట్టి భారం తగ్గించమని డాక్టరు చెప్పాడట. ఆనాటి నుంచి అమ్మ చిన్న గిన్నెతో కొలిచి గుప్పెడన్నమే పెట్టేది, తక్కినదంతా ఆకుకూర, పప్పు, మజ్జిగ. ఉగాదికి మేమంతా భక్ష్యాలు తింటుంటే ఆయన తల వంచుకొని సొరకాయ కూర తిన్నాడు. మనిషి చిక్కిపోయాడు గానీ షుగర్ దిగలేదు. మాత్రలు పెరిగాయి. నింద అమ్మ మీద పడింది.

"సాటుకు అన్నం పెడ్తున్నవానే? నా కొడుకును సంపుతవా ఏంది?" అనేది బాపు తల్లి, మా బాపమ్మ.

"నేనేడ పెట్టిన అత్తమ్మా? గిన్నె మీ ముందట్నే ఉన్నది గదా" అని అమ్మ కొంగుతో కళ్లొత్తుకునేది.

నాకు తెలుసు. ఒకసారి దుకాణంలో అడిగాను కూడా. "బాపూ, నీకు తీపి బంద్ గదా?"

"గిది తినుడేందే పిచ్చిదానా, పని! నాలిక మీద ఏస్కోకుంటె సరుకు మంచిదని ఎట్ల చెప్త?" అని నవ్వి, నా సగం నాకిచ్చాడు.

అమ్మకు చెబితే ఆ సగం పోతుందని నోరు మూసుకున్నాను.

రెండేళ్లకు ఆయన కాలివేలి మీద చిన్న పుండు లేచి నల్లబడింది. వేలు తీసేయాలన్న డాక్టరు, తీపి ఏమైనా తింటున్నావా అని అడిగాడు. "మా అమ్మ మీద ఒట్టు, చాయ్‌ల చక్కెర గూడ లేదు సార్" అన్నాడు బాపు. డాక్టరు అమ్మ వైపు చూశాడు. అప్పుడు నేనే ఏడుస్తూ దుకాణం సంగతంతా చెప్పేశాను.

బాపు నా మీద కోపపడలేదు. డాక్టరు వైపు వింతగా చూసి, "గది గూడ తినుడేనా సార్?" అన్నాడు.

వేలు పోయింది. ఆ తర్వాత ముద్దను నొక్కి, వాసన చూసి మాత్రమే చెప్పేవాడు. పాత గిరాకీ మెల్లగా పక్క దుకాణాలకు జరిగింది. అయినా కుంటుకుంటూ చాలా ఏళ్లు బతికాడు.

ఇప్పుడు బెల్లం ప్లాస్టిక్ పొట్లాల్లో వస్తోంది, గిల్లి చూసేవాళ్లు లేరు. మా దుకాణం ఉన్నచోట స్టీలు గిన్నెలు అమ్ముతున్నారు. అన్నేళ్లూ నా సగం కోసమే నోరు మూసుకున్నానని మాత్రం, రెండేళ్లు మాటలు పడ్డ అమ్మకు ఆమె పోయేదాకా చెప్పలేకపోయాను.

పోయిన నెల మీ నాన్నకూ షుగర్ వచ్చిందన్నారు. ఫోన్లో అడిగితే "ఏం తింటలేనమ్మా" అంటాడు. వాడు అబద్ధమాడుతున్నాడని నేననను, బాపు కూడా అబద్ధమాడలేదు. ఇంట్లో పక్కన ఉండేది మీరు. మీకూ వాటా పెడుతున్నా సరే, చూసింది నాకు చెప్పండి.