గిన్నెలో ఆఖరి గుక్క

ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది కాబట్టి ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనేవారు. నోరు చూస్తే కోటంత, గుండె చూస్తే పిట్టంత. ఎవరైనా దగ్గితే చాలు, ఒళ్ళంతా చెమటలు. ఊరికే కాదు లెండి. మొగుణ్ణి క్షయ తినేసింది. ఆఖరి మూడు నెలలూ పక్కన కూర్చుని కళ్ళారా చూసింది. అప్పట్నుంచీ ఛాతీ వార్డు దుప్పట్ల మూట వస్తే, పాముపిల్లను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకునేది.

అలాంటిది, అదే జబ్బు తోడికోడలికి వచ్చి పడింది. ఒకే ఇల్లు, ఒకే వంటగది. చిన్నామె ఆరు నెలలు మందులు మింగి, కఫంలో ఏమీ లేదని డాక్టరు చేత కాగితం రాయించుకుని వచ్చింది.

"ఇంక ఎవరికీ అంటదంట అక్కా. అందరితో కలిసి తినొచ్చన్నాడు."

"అంటాడు, ఆయనదేం పోయింది? నీ పక్కన కూర్చుని తినేది ఆయనా, నేనా?"

చిన్నామె నవ్వింది. ఆ పూట నుంచి కంచం తీసుకుని తన గదిలోకి పోయి తలుపు వేసుకుని తినేది. ఇస్త్రీ అక్క రమ్మనలేదు.

నెలకోసారి ప్రార్థన మందిరంలో ప్రభువు బల్ల ఉంటుంది, యేసు పేరిట అందరూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే పూట. అక్కడ తలా ఒక గ్లాసు అనే మాటే లేదు. రొట్టె ఒకటే, గిన్నె ఒకటే. తాగినవాళ్ళు అంచు తుడిచి పక్కవాళ్ళకు ఇస్తారు. మిగిలిన ద్రాక్షారసం పారబొయ్యకూడదు. గిన్నె కడిగే మనిషే అందరికంటే చివర కూర్చుని దాన్ని ఖాళీ చెయ్యాలి. పదేళ్ళుగా ఆ కడిగే మనిషి ఇస్త్రీ అక్కే.

చిన్నామె ఈసారి బల్లకు వస్తానంది. ఇస్త్రీ అక్క ముందురోజే పాస్టరు గారి గుమ్మం ఎక్కింది.

"అయ్యగారూ, మా చిన్నదాన్ని ఆఖరి బెంచీలో కూర్చోబెడదాం. దాని తర్వాత ఎవరూ ఉండరు. జనం భయపడతారు కదండీ."

"జనమా, నువ్వా?"

"నేను జనంలో లెక్క కాదా అండీ?"

ఆయన తల గోక్కుని సరేనన్నారు.

ఆదివారం బెంచీ మీద కూర్చున్నాక గానీ ఆమెకు వెలగలేదు. చిన్నామె తర్వాత ఎవరూ లేరు, తను తప్ప! తవ్విన గోతిలో తనే పడింది. లేచి ముందుకు పోదామంటే అందరూ చూస్తారు. గిన్నె బయల్దేరింది. మొదటి బెంచీ, రెండో బెంచీ. ఒక్కొక్కరి గొంతు కదలడం ఆమె లెక్కపెట్టుకుంటోంది. అంచుకు పెదవి ఆనించి తాగినట్టు నటిస్తే? మిగిలింది తర్వాత చాటుగా తూములో పోసేస్తే? ఎవరు చూడొచ్చారు?

గిన్నె చిన్నామె చేతిలోకి వచ్చింది. ఎత్తింది, దించింది. అంచును ఒకటికి మూడుసార్లు తుడిచి అందించింది. కానీ గొంతు కదల్లేదు. పెదవి తడవలేదు. ఇస్త్రీ అక్క కళ్ళు ఇలాంటివి కనిపెట్టడంలో గద్ద కళ్ళు.

"తాగలేదేంటే?" గొణిగింది.

"నా తర్వాత నువ్వేగా అక్కా. నువ్వు భయపడతావని."

ఇస్త్రీ అక్క గిన్నె వంక చూసింది. ఈ బల్ల కోసం ఆరు నెలలు ఎదురుచూసిన మనిషి, తన పిరికితనానికి పస్తు ఉంటోంది. తనేమో దేవుడి ముందే దొంగ గుక్క వేద్దామనుకుంది. ముందు బెంచీల వాళ్ళు తలలు తిప్పారు. పాస్టరు గారు ఖాళీ గిన్నె కోసం చూస్తున్నారు.

గిన్నెను చిన్నామె చేతిలోకే తోసింది. "తాగు."

"వద్దక్కా..."

"తాగమన్నానా! నీకు లేనిది నాకు మాత్రం దేనికి? ఇంట్లో తలుపవతల కూర్చోబెట్టింది చాలదా, ఇక్కడ కూడానా?"

చిన్నామె తాగింది. ఈసారి గొంతు కదిలింది. గిన్నె తిరిగి వచ్చింది. ఇస్త్రీ అక్క దాన్ని రెండు చేతులా పట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, అడుగుదాకా తాగేసింది. ఆ గుక్క గొంతు దిగడానికి ఒక యుగం పట్టింది.

"భయం వెయ్యలేదా అక్కా?" చిన్నామె చెవిలో అడిగింది.

"చచ్చేంత వేస్తోంది. మాట్లాడకు, కాస్త దగ్గరికి జరుగు."