పొగమంచులో హైలెస్సా

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదట్నుంచీ చిరాకు. ఎందుకంటే చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో కనిపెట్టడమే నా ఉద్యోగం. అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో, కార్లు టెస్ట్ చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. డ్యాష్‌బోర్డ్ వెనక కిర్రుమన్నా, డోర్‌లో ఏదో గలగలమన్నా మైకులు పెట్టి పట్టుకుంటాను. మూలం లేని చప్పుడు ఉండదని జూనియర్లకి క్లాసు పీకుతుంటాను కూడా. అందుకే ఇది రాయడానికి నాకే కాస్త సిగ్గుగా ఉంది.

పోయిన వేసవిలో మా ఆయన అప్పలరాజు, మా అమ్మాయి అన్విత, నేను సముద్రమంత సరస్సు లేక్ సుపీరియర్‌లో ఒక తెరచాప ఓడ ఎక్కాం. పాతకాలం పద్ధతి. టికెట్ కొన్నవాళ్లు కూడా మోకులు లాగాలి, డెక్ కడగాలి. డబ్బులిచ్చి మరీ ఈ చాకిరీ ఏమిటని నేను సణిగాను. మా ఆయనకి మాత్రం పండగే. వాళ్లది భీమిలి దగ్గర జాలర్ల పల్లె. చిన్నప్పుడు వాళ్ల అయ్యతో కలిసి ఒడ్డునుంచి అలివి వల లాగినవాడు. మాది వరంగల్, సముద్రం పెళ్లయ్యాకే చూశాను.

మొదటిరోజు తెరచాప ఎత్తుతుంటే ఓడవాళ్లు వన్, టూ అని లెక్కపెట్టారు. మా ఆయనకి అది నచ్చలేదు. గొంతెత్తి "హైలెస్సా" అన్నాడు. ఒకరు పిలవాలి, మిగతావాళ్లు పలుకుతూ లాగాలి, అదీ పద్ధతి. కాసేపటికి అమెరికన్లందరూ "హైలీసా" అంటూ లాగుతున్నారు. కెప్టెన్, నెరిసిన జుట్టావిడ, తెగ ముచ్చటపడింది. ఇక ఏ తెరచాప ఎత్తాలన్నా మా ఆయన పిలవాల్సిందే. నేను మాత్రం నోరు విప్పలేదు, మోకు పట్టుకుంటే చాలదా అని.

ఆ తీరం గురించి ఎలా చెప్పాలో నాకు తెలీదు. రోడ్డు లేదు, ఇల్లు లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఎర్రటి కొండరాళ్లు నిలువుగా నీళ్లలోకి దిగి ఉంటాయి, పైన కనుచూపుమేరా అడవి. చూస్తూ చూస్తూ మాటలు వాటంతటవే తగ్గిపోతాయి. నీళ్లు మాత్రం ఎండాకాలంలోనూ మంచులా ఉంటాయి. పడితే ఈతొచ్చినవాళ్లకి కూడా కాళ్లూ చేతులూ త్వరగానే పనిచేయడం మానేస్తాయని కెప్టెన్ ముందే చెప్పింది.

తర్వాత ఒక ఉదయం పొగమంచు కమ్మేసింది. మంచులో ఓడకి ఒక నియమం ఉంది. హారన్ మోగించాలి, తర్వాత అందరూ నోరు మూసుకుని వినాలి. అప్పటికి అన్విత ఓడ ముక్కులా ముందుకి పొడుచుకొచ్చిన కొయ్య మీద ఉంది, ముందు తెరచాప మడిచి కట్టడానికి. కింద వల ఉంది, నడుముకి బెల్టు ఉంది. అయినా నా ప్రాణం నా దగ్గర లేదు. భయం మర్చిపోవడానికి ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేశాను, హారన్ ప్రతిధ్వని ఎలా ఉంటుందో చూద్దామని.

హారన్ ఆగింది. నిశ్శబ్దం. అప్పుడు వినిపించింది, "హైలెస్సా" అని.

ఈయనకి ఎప్పుడు వేళాకోళమో తెలియదని కసురుదామని తిరిగాను. నా పక్కనే నిలబడి ఉన్నాడు, నోరు మూసుకుని. ముఖం పాలిపోయి ఉంది.

మళ్లీ వచ్చింది. మగగొంతు. మా ఆయన చివర్లో సాగదీస్తాడు. ఇది బరువు లాగుతున్న మనిషి ఊపిరిలా టక్కున తెగిపోతోంది. ఒడ్డు మా ఎడమవైపు ఉండాలి, గొంతు మాత్రం సూటిగా ఎదురుగా వస్తోంది. పిలుపు, కాస్త విరామం, మళ్లీ పిలుపు. ఆ విరామంలో ఎవరూ పలకడంలేదు.

కెప్టెన్ కూడా విన్నది. ముందు ఎవరో మనుషులున్నారనుకుని చుక్కాని కుడివైపుకి గిర్రున తిప్పేసింది. ఓడ ఒరిగింది. అంతలో ముందునుంచి అన్విత కేక వేసింది.

"మమ్మీ, రాక్! కింద పెద్ద రాక్ ఉంది!"

గది అంత ఎర్రటి బండ, నీటికి జానెడు లోతులో, మా ఎడమపక్కగా జారిపోయింది. మ్యాప్‌లో ఆ బండ లేదు. సూటిగా వెళ్లి ఉంటే మొదట దాని మీదికి వెళ్లేది మా పిల్ల ఉన్న కొయ్యే. అన్విత డెక్ మీదికి రాగానే దాని జాకెట్ పట్టుకుని అందరి ముందూ భోరున ఏడ్చాను.

మంచు విడిచాక చూస్తే ఎదురుగా ఖాళీ నీళ్లు, ఆకాశం. ఒడ్డు ఎడమవైపు ఎక్కడో దూరంగా ఉంది. కెప్టెన్ రేడియోలో అడిగింది. ఆ చుట్టుపక్కల ఇంకో పడవ లేదు. ప్రతిధ్వని అందామంటే ఆ ఉదయం ఎవరూ హైలెస్సా అనలేదు. రోజూ విన్నదే చెవుల్లో మోగింది అందామంటే, అందరి చెవుల్లో ఒకేసారి, ఒకే వైపునుంచి ఎలా మోగుతుంది?

నా రికార్డింగ్‌లో హారన్ ఉంది, నీళ్ల చప్పుడు ఉంది, అన్విత కేక ఉంది. మధ్యలో ఏమీ లేదు. ల్యాబ్‌లో ఎంత పెంచి విన్నా లేదు.

సాయంత్రం లంగరు వేశాక మా ఆయన నెమ్మదిగా అన్నాడు. "లాగేవోడు పిలిస్తే పక్కోడు పలకాల. నేకపోతే బరువంతా ఆడి మీదే పడిపోద్ది. మనం పలకనేదు."

లేచి నీళ్లవైపు తిరిగి "హైలెస్సా" అన్నాడు. అన్విత తన అమెరికన్ యాసలో కలిసింది. వెనకనుంచి కెప్టెన్ గొంతు కూడా వచ్చింది. నాకు తెలియకుండానే నేనూ అన్నాను, జీవితంలో మొదటిసారి. తర్వాత నలుగురం చాలాసేపు విన్నాం. నీళ్లు తప్ప ఏమీ లేదు.

మూలం లేని చప్పుడు ఉండదని జూనియర్లకి ఇప్పటికీ చెబుతున్నాను. దీని మూలం మాత్రం నాకు దొరకలేదు. నా పిల్ల నాకు దక్కింది. ఎవరు పిలిచారో తెలిస్తే, ఆ మాట వాళ్లకి చెప్పుకోవాలని ఉంది.