ఆషాఢంలో వచ్చిన మా బావ

దయ్యాలను, మాయలను నేను ఏనాడూ నమ్మలేదు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలో దయ్యం కథ వస్తే ఆ పేజీలు వదిలేసి ముందుకు పోతాను. నలుగురిలో నోరు విప్పడమే చేతకాని నేను ఇది రాయడానికి కారణం ఒకటే. దీన్ని నా కళ్ళతో చూశాను. అదే రోజు నా డైరీలో రాసుకున్నాను.

మాది గిద్దలూరు. నాయనకు విత్తనాల దుకాణం ఉంది. పగలంతా అమ్మ కూడా అక్కడే. మా అక్క వనజకు వైశాఖంలో పెళ్ళయింది. బావ రమణది హనుమంతునిపాడు దగ్గర పల్లె. బోరు లారీ మీద పని చేస్తాడు.

ఆషాఢం ఇంకా పది రోజులుందనగా బావ లారీతో కర్ణాటక పోయాడు. ఆషాఢం రాగానే అక్కను మా ఇంటికి తెచ్చుకున్నాం. కొత్త కోడలు ఆ నెల అత్తతో కలిసి ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. ఈ విషయంలో మా అమ్మ గట్టి మనిషి.

నెల సగమైంది. ఆ గురువారం మధ్యాహ్నం ఇంట్లో అక్కా నేనూ మాత్రమే ఉన్నాం. పెరటి తలుపు చప్పుడైతే నేనే తీశాను. ఎదురుగా బావ. తల మీద, కనుబొమల మీద, చొక్కా మీద అంతా రాతిపొడి.

"ఏం మరదలా, అట్ల చూస్తాండావ్? ముందు గడప తొక్కలేదులే, పెరట్లో నుంచి వచ్చినా. మీ అమ్మకు చెప్పబాకు."

చెంబుతో నీళ్ళిచ్చాను. ఎత్తిపట్టి గటగటా తాగేశాడు. చెంబు మీద ఆయన వేళ్ళ అచ్చులు పడ్డాయి. జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి "అక్కకియ్యి" అన్నాడు. నీళ్ళు పడిన ప్రతి బోరు నుంచి చిటికెడు రాతిపొడి అక్కకు తెచ్చివ్వడం ఆయన అలవాటు.

అక్క గదిలోంచి వచ్చి ఆయన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గేసింది. పొట్లాన్ని డైరీ అట్టలో దోపి, ఒక పుస్తకం పట్టుకుని వీధి అరుగు మీద కాపలా కూర్చున్నాను. ఒక్క వాక్యం తలకెక్కితే ఒట్టు. అమ్మ వస్తే ఏం చెప్పాలి?

రెండు గంటల తర్వాత అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. మొహం వెలిగిపోతోంది.

"పోయినాడు. ఫోన్లో గూడా ఈ మాట ఎత్తొద్దన్నాడు, లారీలో అందరూ వింటారంట. నువ్వు ఎవురికన్నా చెప్పినావో, చంపేస్తా."

ఆ సాయంత్రం డైరీలో ఇలా రాశాను: "ఈరోజు బావ దొంగచాటుగా పెరట్లోంచి వచ్చాడు. నవలలో ఉన్నట్టుంది." ఆ కంగారులో పొట్లం సంగతి మర్చిపోయాను.

బావ శ్రావణం చివర్లో తిరిగొచ్చాడు. అప్పటికి అక్క అత్తగారింట్లో ఉంది. ఆయన దిగిన రెండో రోజే అక్కకు వాంతులు. మార్కాపురం తీసుకుపోతే స్కానింగ్ చేసి, ఆషాఢం మధ్యలో నిలిచిన కడుపని చెప్పారు.

బావ వాళ్ళమ్మ చెన్నమ్మత్త ఆస్పత్రి వరండాలోనే వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఆషాఢమంతా నా కొడుకు కర్ణాటకలో ఉండె. ఈ కడుపు యాడిదమ్మా?"

అక్క నవ్విందట. "చెప్పు. ఇంకా ఏంది దాపరికం?" అని బావ వైపు చూసిందట.

"ఏం చెప్పేది? నేనెప్పుడొచ్చినా?" అన్నాడు బావ.

తల్లికి భయపడి అబద్ధమాడుతున్నాడని అక్క అనుకుంది. ఆయన కళ్ళు చూశాక ఆ నవ్వు ఆగిపోయిందని తర్వాత నాతో చెప్పింది.

రెండు కుటుంబాలూ మా ఇంట్లో కూర్చున్నాయి. అక్క కాక ఆయన్ను చూసింది నేనొక్కదాన్నే. డైరీ తెచ్చి, మిగతా పేజీలు ఎవరికీ కనపడకుండా చేత్తో మూసి, ఆ రెండు వాక్యాలు చదివాను. నా గొంతు నాకే వినపడలేదు.

"అక్క కోసం చెల్లెలు రాసుకున్యాది. దానికేం లెక్క?" అంది చెన్నమ్మత్త.

బావ ఫోన్ తీశాడు. కర్ణాటకలో వాళ్ళు బోరు వేసిన పొలం రైతు తీసి పంపిన వీడియో. బోరులోంచి నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేస్తున్నాయి. పక్కన బావ తడిసి ముద్దయి చిందులేస్తున్నాడు. వీడియో తేదీ అదే గురువారం, మధ్యాహ్నం ఒంటిగంట. అక్కడి నుంచి మా ఊరికి రావాలంటే ఒక పూట పైనే పడుతుంది. బావకు అన్నదమ్ములు కూడా లేరు.

మా అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. అక్క ఏడవలేదు.

"పుట్టేదాకా ఈ మాట మోసుకుంటా తిరగడం నా వల్ల కాదు. ఇప్పుడే తేల్చే పరీక్ష ఉంటే చేయించండి. కాదని వస్తే నేనే మీ గడప తొక్కను."

డాక్టరమ్మ మొదట ఒప్పుకోలేదు. అడిగినవాళ్ళందరికీ చేసేది కాదంది. ఎన్నో కాగితాలు, సంతకాలు అయ్యాక పదో వారం దాటనిచ్చి రక్తం తీశారు. తల్లి రక్తంలో బిడ్డ తాలూకు కణాల తునకలు తిరుగుతుంటాయట, వాటిని తండ్రి రక్తంతో పోల్చి చూస్తారట. ఆడా మగా అన్నది మాత్రం చెప్పేది లేదని ముందే ఖరాఖండిగా అంది. భూమికి వందల అడుగుల లోతు తూట్లు పొడిచే మా బావ, సూది చూసి మొహం తిప్పుకున్నాడు. అంత బాధలోనూ అక్కకు నవ్వొచ్చింది.

ఫలితం వచ్చేదాకా నేను రోజుకు నాలుగు పేజీలు రాశాను. నేను చూసింది నిజమైతే వీడియో ఏంది? వీడియో నిజమైతే నేను నీళ్ళిచ్చింది ఎవరికి? పదో తరగతి రిజల్టుకు కూడా నాకంత ఆత్రం లేదు.

ఆ రోజు అందరం డాక్టరమ్మ గదిలో నిలబడ్డాం. ఆమె కాగితం చదివి తలెత్తింది. "బిడ్డ తండ్రి రమణే."

చెన్నమ్మత్తే ముందుగా, "ఇంకోసారి చదువమ్మా" అంది. డాక్టరమ్మ మళ్ళీ చదివింది. అత్త పమిటతో అక్క మొహం తుడిచి, "నా నోరు పడిపోను, నా తల్లీ" అని గట్టిగా పట్టుకుంది. నాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు. నాకు గంతులేయాలనిపించింది. నిజంగానే ఒకసారి ఎగిరాను, ఎవరూ చూడలేదు.

బావ మాత్రం నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు. "మరదలా, ఆ పొద్దు నేను ఏం చేసినానో ఒకటీ వదలకుండా చెప్పు."

తలుపు, చెంబు, నీళ్ళు... చెబుతూ చెబుతూ ఆగిపోయాను. పొట్లం! డైరీ నా సంచిలోనే ఉంది. అట్టలోంచి తీసిచ్చాను.

బావ విప్పాడు. లోపల గులాబీ రంగు రాతిపొడి.

ఆయన గోడకు ఆనుకున్నాడు. "మాకు మిగతా అన్ని బోర్లలో పడింది బూడిదరంగు రాయే. ఈ రంగు ఆ గురువారం బోరులోనే పడింది. వనజకని నేనే పొట్లం కట్టి జేబులో పెట్టుకున్యా. సాయంత్రం చూస్తే లేదు. యాడో పడిపోయిందనుకున్యా."

ఆ పూటంతా ఆయన లారీ దగ్గరే ఉన్నాడని తోటివాళ్ళు ముగ్గురూ చెప్పారు. వాళ్ళు అబద్ధమాడే మనుషులు కారు. నేనూ కాను.

చైత్రంలో పాప పుట్టింది. నవ్వితే అచ్చం బావే. ఆయనకు ఆ మధ్యాహ్నం గురించి నీళ్ళూ, నాట్యమూ తప్ప మరేం గుర్తు లేదు. ఎలా జరిగిందో నాకూ తెలియదు, ఆలోచించి ఆలోచించి వదిలేశాను. ఇప్పుడు బావ మా ఇంటికి ముందు గడపలోంచే వస్తాడు. పాపను ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ లేనప్పుడు, "మరదలా, ఆ పేజీ ఒకసారి చదువు" అంటాడు. నేను చదువుతాను. తనకు తెలియని తన మధ్యాహ్నాన్ని ఆయన చెవులొగ్గి వింటాడు.