అరపుల్ల నీలకంఠం

వన్ టౌన్ మొత్తం మీద అగ్గిపుల్లని బ్లేడుతో నిలువునా చీల్చి రెండు చేసుకునే మనిషి ఒక్కడే ఉండేవాడు. పేరు నీలకంఠం, హార్బర్‌లో వించి డ్రైవరు. ఓడ కడుపులోంచి బస్తాలకు బస్తాలు పైకి లాగి ఒడ్డున పడేసే ఆ చేతులే, ఇంటికొచ్చాక గడప మీద కూర్చుని, నాలిక పళ్ల మధ్య బిగించి, మొండి బ్లేడుతో పుల్లల్ని సగాలు చేసేవి. వీధిలో అందరూ 'అరపుల్లా' అని పిలిచేవారు. ఆయనకి కోపమే లేదు. "పేరు కూడా పొదుపైపోనాది, మంచిదే గదా!" అనేవాడు.

ఆ అరపుల్ల కూడా ఆపదలో వాడుకోవడానికే సుమండీ! మామూలు రోజుల్లో ఆయన శాస్త్రం వేరు. పక్కింట్లో నిప్పుండగా పుల్ల గియ్యడం పాపం, అంతే.

ఈ శాస్త్రం ఆయన భార్య తాయారుకి కాపరానికి వచ్చిన రోజునే తెలిసింది. ఎలమంచిలి నుంచి రైలు దిగి, పెట్టె ఒక మూల పెట్టి, కొత్త ఇల్లాలు ముచ్చటగా పొయ్యి వెలిగిద్దామని పుల్ల గీసింది. వీధిలోంచి ఒక్క పెడబొబ్బ!

"ఓలమ్మ ఓలమ్మ! గీసీసినావేటే!"

ఇల్లంటుకుందేమోనని తాయారు బిందెడు నీళ్లెత్తి పొయ్యిలో కుమ్మరించింది. నీలకంఠం నెత్తి పట్టుకుని కూలబడ్డాడు.

"పక్కన నాలుగు కొంపల్లో పొయ్యిలు మండతన్నాయే! కొబ్బరి పీచు అట్టుకెళ్లి అడిగితే ఎవులైనా కాదంతారేటే!"

"నిప్పు అడుక్కోవడం నాకు సిగ్గు మావా."

"నీకు సిగ్గయితే నాను ఎల్తాను. సిగ్గుకి కర్సు నేదు గదా!"

అలా అన్నవాడు అన్నట్టే వెళ్లేవాడు. ఒక చేతిలో పీచు, ఇంకో చేతిలో చిల్లుల డబ్బా. బీడీ కాల్చాలనిపిస్తే ఎవరో ఒకరు వెలిగించుకునేదాకా వీధి చివర నిలబడి వాళ్ల నోటివంకే చూసేవాడు. హార్బర్ గేటు దగ్గర అందరి జేబులూ తడిమి అగ్గిపెట్టెలు తీసుకునే వాచ్‌మన్ గవర్రాజు, ఈయన్ని చూస్తే మాత్రం పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవాడు. "నీ జేబులో అగ్గిపెట్టె దొరికిననాడు నాను ఉద్యోగం మానీస్తాను బావా," అనేవాడు.

చొక్కా ఇస్త్రీ సంగతి మరీ ఘోరం. వేడివేడిగా అన్నం దించిన గిన్నె ఉండగా ఇస్త్రీపెట్టెలో బొగ్గులెందుకని, గిన్నె అడుగు తుడిచి దానితోనే రుద్దేవాడు. ఒకసారి తుడవడం మరిచిపోయాడు. వీపు మీద గుండ్రంగా, నల్లగా, గ్రహణం పట్టినట్టున్న మసి మరకతో రోజంతా జెట్టీ మీద తిరిగాడు. సాయంత్రం ఎవరో చెబితే ఉలికిపడి, "అయితే అడుగున మసి అంత పేరుకుపోతందన్నమాట. కర్రలు తడిగున్నాయి!" అన్నాడట. చొక్కా గురించి ఒక్క ముక్క లేదు.

తాయారుకి ఇవన్నీ నవ్వులాటే. పుట్టింటికి వెళ్తే పూటకొక కథ చెప్పి అందరి పొట్టలూ చెక్కలు చేసేది. కానీ ఒక్క విషయంలో మాత్రం మొగుడి మీద ఆమెకి లోపల మండేది. అది అసిరమ్మ మామ్మ విషయం.

అసిరమ్మది సందు చివరి పెంకుటిల్లు. ఆమె మొగుడు పైడయ్య హార్బర్‌లో కళాసీగా చేసి పోయాడు. నీలకంఠానికి వించి దగ్గర నిలబడ్డం నేర్పింది ఆయనే. పిల్లల్లేరు, ఆస్తి లేదు. ఉన్నదల్లా రోషం. పైడయ్య పోయిన కొత్తల్లో వీధి ఆడవాళ్లు పాపం కదా అని తలా గిద్దెడు బియ్యం వేసి పళ్లెంతో తీసుకెళ్లారు. మామ్మ ఆ పళ్లెం అందుకుని, నేరుగా వీధిలోకి వచ్చి, కోళ్లని పిలిచి మొత్తం చల్లేసింది.

"అసిరమ్మ అడుక్కునేదనుకున్నారేటి! ఇచ్చిన చెయ్యే గానీ ఇది చాపిన చెయ్యి కాదు!"

ఆ తర్వాత ఆ గడప తొక్కడానికి ఎవరికీ గుండె చాలలేదు. మామ్మ అడ్డపొగ తాగుతుంది. వెలిగించిన కొస నోట్లోకి పెట్టుకుని చుట్ట కాలుస్తుందన్నమాట. నోట్లో నిప్పు పెట్టుకుని తిరిగే మనిషితో ఎవరు మాట్లాడతారు? నీలకంఠం మాట్లాడాడు.

"మామ్మా, నోట్లోనే నిప్పున్నదానివి, మా ఇంటికి కాసింత నిప్పు ఇయ్యలేవేటి?"

అలా మొదలైంది. రోజూ తెల్లారగానే నిప్పు మామ్మ దగ్గరే. శుక్రవారం వచ్చింది. శుక్రవారం ఇంట్లోంచి నిప్పు బయటికి ఇస్తే లక్ష్మి వెళ్లిపోతుందని మామ్మ ససేమిరా అంది. నీలకంఠం ఒక్క క్షణం ఆలోచించాడు.

"నిప్పు బయటికి రాకూడదు, సరే. మా గిన్నె లోపలికి ఎల్లకూడదని నేదు గదా!"

అంతే, అన్నం గిన్నె తీసుకెళ్లి మామ్మ పొయ్యి మీద పెట్టేశాడు. ఆ రుచి మరిగాక ఆయనకి వారంలో అన్ని రోజులూ శుక్రవారాలే అయ్యాయి. తాయారు బియ్యం కడిగి ఇవ్వడం, ఆయన గిన్నె ఎత్తుకుని సందు చివరికి పరిగెత్తడం. అన్నం తిరిగొచ్చేసరికి గిన్నె వెలితిగా ఉండేది.

"అన్నం ఏటి, తగ్గినట్టుంది?"

"కొత్త బియ్యం. ఒదగవు."

ఏడాది పొడుగునా కొత్త బియ్యమే! తాయారు అదీ సర్దుకుంది. కానీ దిక్కులేని ముసలిదాని కర్రలు కాల్పించి తన ఇంటి అన్నం వండించుకోవడం చూస్తే మాత్రం ఆమెకి తల కొట్టేసినట్టయ్యేది. లోకంలో ఇంతమంది ఉండగా ఆ ముసలిదానిమీదే పడాలా ఈ మనిషి!

అందుకే ఆమె గ్యాసు కోసం తపించింది. డెబ్బై ఎనిమిదిలో, వీధిలో కొత్తగా దిగిన పద్మావతి ఇంట్లో నీలం మంట చూసి వచ్చిన రోజునే గ్యాసు కొట్టులో మొగుడి పేరు రాయించేసింది. పద్మావతి వాళ్లది కాకినాడ వైపు. ఆమె భర్త కామరాజుకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. ఎనభై మూడులో ఒక మంగళవారం కామరాజు ఒక ఫారం, దాంతోపాటు కబురూ మోసుకొచ్చాడు. నీలకంఠం పేరు పిలిచారట! శనివారం మధ్యాహ్నం కొట్టు మూసేలోగా ఆయన సంతకం పెట్టిన ఫారం మద్దిలపాలెం వెళ్లి ఇవ్వకపోతే వంతు ఇంకొకరికి పోతుందట.

"తాయారుగారూ, మీ పంట పండిందండీ! ఇంక పొగ లేదు, మసి లేదు!" అంటూ పద్మావతి వచ్చి చేతులు పట్టుకుని గిరగిరా తిప్పేసింది. చీటీ పాడిన డబ్బు తాయారు దగ్గర సిద్ధంగా ఉంది. ఆ సంతోషంలో ఆమె వీధి వీధంతా బెల్లం పంచింది.

నీలకంఠం ఇంటికొచ్చి విన్నాడు. బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. చప్పరించాడు. "వద్దు," అన్నాడు.

"ఏటి వద్దు?"

"గ్యాసు పూటపూటకీ ఎలిగించాల. పూటపూటకీ పుల్ల గియ్యాల. ఆర్పితే ఆరిపోద్ది. అడుగున నిప్పు మిగలదు, బూడిద మిగలదు. బూడిద నేకపోతే అంట్లు దేంతో తోముతావు? ఇంత దండగమారి మంట నాను ఎక్కడా సూడనేదు."

తాయారు బతిమాలింది. ఏడ్చింది. అలిగి మాట్లాడ్డం మానేసింది. మాటలు కూడా పొదుపయ్యాయనుకున్నాడో ఏమో, ఆయన చలించలేదు. బుధవారం పోయింది, గురువారం పోయింది, శుక్రవారమూ పోయింది. శుక్రవారం సాయంత్రం డ్యూటీకి వెళ్లినవాడు ఓడ పని ముగియక శనివారం పొద్దెక్కినా ఇంటికి రాలేదు.

ఇంట్లో నిప్పు లేదు. కోపంతో తాయారు ఒళ్లే మండుతోంది గానీ దాంతో అన్నం ఉడకదు కదా! కడిగిన బియ్యం గిన్నె చంకన పెట్టుకుని మొదటిసారి తనే అసిరమ్మ గడప తొక్కింది. ఇన్నాళ్లూ కర్రలు కాల్పించినందుకు క్షమించమని అడిగేసి రావాలని కూడా అనుకుంది.

మామ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి చల్లగా ఉంది. పక్కన గోడ ఎత్తున కర్రలు పేర్చి ఉన్నాయి. అన్నీ టింబర్ డిపోలో డబ్బు పోసి కొనే చెక్కలు.

"నీ మొగుడేడే? రానేదేటి?"

"ఓడ దగ్గర ఉండిపోనాడు మామ్మా. నువ్వింకా పొయ్యెలిగించనేదేటి?"

"ఎలిగించి ఏటి సేత్తాను? ఆడు గిన్నె తెత్తే గదా!" మామ్మ చుట్ట తీసి గొంతు తగ్గించింది. "సూడు గుంటా, తప్పట్టుకోకు. నీ మొగుడికి అగ్గిపుల్లకి గతి నేదు. మీ ఇంట్లో కర్రలు పెట్టుకోడానికి సోటు నేదట, అయ్యీ తెచ్చి నా ఇంట్లోనే పేరుత్తాడు. 'మామ్మా, నువ్వు నేకపోతే మా కొంపలో కూడుడకదు' అని కాళ్లట్టుకుంతాడు. నాకు జాలేసి వొండి పెడతన్నాను."

తాయారు గిన్నె కింద పెట్టి ఆ కర్రల వంక చూసింది.

"ఊరికే ఎల్తాడా? ఒకరి పొయ్యి మీద వొండుకున్న అన్నంలో ఆ ఇంటికి రెండు గరిటెలు తియ్యకపోతే పాపవట! తీసీదాకా కదలడు. ఆడికి పాపం తగులుద్దేమోనని నాను తింతన్నాను. నేకపోతే నాకెందుకే ఒకల కూడు?"

"పొద్దున్నుంచి ఏటైనా తిన్నావా మామ్మా?"

"ఆడు రాందే ఎలా తింతాను!" అనేసి, మామ్మ ఠక్కున చుట్ట మళ్లీ నోట్లో పెట్టేసుకుంది.

కొత్త బియ్యం ఎందుకు ఒదగలేదో తాయారుకి అప్పుడు తెలిసింది. కళ్లు చెమ్మగిల్లాయి, వెంటనే నవ్వొచ్చింది, ఆ వెనకే మొగుణ్ణి నాలుగు బాదాలన్నంత ముద్దూ వచ్చింది. అక్కడే కూర్చుని మామ్మ చేత పొయ్యి వెలిగింపజేసి, అన్నం వండించి, పాపం తగలకుండా నాలుగు గరిటెలు తీసి, మామ్మ తినేదాకా ఉండి, వీధిలోకి పరుగు తీసింది.

"పద్మావతిగారూ, రండి! కొట్టు మూసీస్తారు!"

ఇద్దరూ రిక్షా ఎక్కి హార్బర్ గేటు దగ్గర దిగారు. గవర్రాజు కబురంపితే నీలకంఠం చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏటే, ఇలాగొచ్చీసినావు? ఇంటికి నిప్పంటుకుందేటి?"

"మనింట్లో నిప్పెక్కడిది మావా! మామ్మ దగ్గరికెళ్లి వొండుకొచ్చినాను."

నీలకంఠం మొహం వాడిపోయింది. గేటు వంక చూశాడు, ఓడ వంక చూశాడు, పద్మావతిని చూసి తల గోక్కున్నాడు.

"ఆవిడతో ఏటైనా అనీసినావేటి?"

"ఏటీ అన్నేదు. అగ్గిపుల్లకి గతినేనోడి పెళ్లాన్నని ఆవిడే నామీద జాలిపడింది."

"అమ్మయ్య!" నీలకంఠం ఊపిరి పీల్చుకున్నాడు. "పైడయ్య మావ కూడు నా సేత ఎన్ని పూటలు తినిపించినాడో నీకు తెల్దే. నిప్పుకి ఎల్లడం మానీస్తే ఆవిడ పొయ్యెలిగించదు. గ్యాసు వొచ్చీసినాక ఇంక ఏ మొగం ఎట్టుకుని ఎల్తాను, సెప్పు?"

"నువ్వెల్లక్కర్నేదు, ఆవిడే వస్తాది. ఎలాగొస్తాదో నాకొదిలీ. ముందు ఈ ఫారం మీద సంతకం పెట్టు."

నీలకంఠం చెమట చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. తర్వాత గవర్రాజు జేబులోంచి పెన్ను లాక్కుని, సిరా ఆయనదే కదా అని బారెడు సంతకం పెట్టాడు. మద్దిలపాలెంలో కొట్టు తలుపులు సగం మూస్తుండగా తాయారు, పద్మావతి వాటి మధ్యలోంచి లోపలికి దూరారు.

సోమవారం సిలిండరు వచ్చింది. పొయ్యి వచ్చింది, దాన్ని బిగించే మనిషి వచ్చాడు, వెనకాల వీధంతా వచ్చింది. అంతా సిద్ధమయ్యాక తాయారు మామ్మ ఇంటికి పరిగెత్తింది.

"మామ్మా, నాకు సేతులొణుకుతన్నాయి! ఆ గ్యాసు ముట్టుకోలేను. నిప్పంటే బెదరనిది ఈ వీధిలో నువ్వొక్కదానివే. నువ్వు పూటపూటకీ వొచ్చి ఎలిగిస్తే సరి, నేకపోతే తిరిగి పంపీస్తాను!"

మామ్మ నడుం నిటారైంది. "నాకు ముందే తెల్సు. నాను నేకపోతే మీ కొంపలో పొయ్యెలగదే!"

జనం దారి ఇచ్చారు. మామ్మ దొరసానిలా వచ్చి పొయ్యి మీదికి వంగింది. బిగించే మనిషి కెవ్వున అరిచాడు. "చుట్ట! నోట్లో చుట్ట!" వీధంతా ఒక్క దూకులో గుమ్మం బయట పడింది. తాయారు మామ్మ నోట్లోంచి చుట్ట లాగి పెరట్లోకి విసిరేసింది.

ఇంతకీ పుల్లేది? నీలకంఠం దేవుడి పటం వెనక నుంచి అరపుల్ల ఒకటి తీసి భక్తిగా ఇచ్చాడు. మామ్మ గీసింది. భగ్గున నీలం మంట! ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మొదటి గిన్నె పాలు పొంగించారు.

"పక్కన రెండో పొయ్యి ఖాళీగా ఉండిపోయింది మామ్మా," అంది తాయారు. "నీ గిన్నె తెచ్చుకోరాదా, దండగైపోతంది!"

"అవునే, దండగెందుకు? ఉండు, తెత్తాను," అని మామ్మ తనే లేచి వెళ్లింది, తనే గిన్నె తెచ్చింది.

నీలకంఠం గబగబా పొయ్యి దగ్గరికొచ్చాడు. ఏం చేస్తున్నాడో తనకే తెలియలేదు. అగ్గిపెట్టె తెరిచాడు. చీల్చని పుల్ల, నిండు పుల్ల, ఒకటి తీశాడు. అందరూ నోళ్లు తెరిచి చూస్తుండగా, మామ్మ గిన్నె కోసం, సర్రున గీశాడు.

మామ్మ ఆయన నెత్తి మీద ఠపీమని ఒక్కటిచ్చింది.

"పక్కన మంట ఉండగా పుల్ల గీత్తావేట్రా, దుబారా ఎదవా! కాయితం ముక్క నేదేటి ఇంట్లో?"