సింహాల దేశం వెళ్ళే పిల్లకు ఎదురు నడిచాను

ఎనభైల మొదట్లో, మంచు పడుతున్న ఒక పొద్దున, డెట్రాయిట్ బస్ స్టేషన్‌లో నా పక్కన ఒక తెలుగు పిల్ల కూర్చుంది. పాతికేళ్ళుంటాయి. వీపుకి పెద్ద సంచి. ఒక్కతే కెన్యా, టాంజానియా వెళ్ళి అడవి జంతువుల పార్కులు చూస్తుందట.

"హోటళ్ళకి డబ్బెక్కడిది ఆంటీ? టెంట్ వేసుకుంటా, లారీలెక్కి తిరుగుతా" అంది.

ఎయిర్‌పోర్టుకి వెళ్ళే ఆమె బస్సుకి పిలుపొచ్చింది. పిల్ల లేవగానే నేను మొహం గోడవైపు తిప్పేసుకున్నాను. మొగుడు పోయినదాన్ని, ప్రయాణమయ్యేవాళ్ళకి ఎదురు పడకూడదని నేనుంటున్న మా మరిది ఇంట్లో నాకు నేర్పిన అలవాటు అది.

"ఏమైంది ఆంటీ?"

చెప్పాను. పకపకా నవ్వింది. "సింహాలు ఎదురొస్తాయని తెలిసీ వెళ్తున్నా. మీకు భయపడతానా? లేవండి. ఆ తలుపు దగ్గర్నుంచి నాకు ఎదురు రండి."

"వద్దమ్మా, నీకేమైనా అయితే పాపం నాది."

"అయితే ఆ పాపం సింహానిది. మీరు వచ్చేదాకా బస్ ఎక్కను."

డ్రైవరు కేకలేస్తున్నాడు. తలుపు దాకా వెళ్ళి, తిరిగి ఆమెకు ఎదురుగా నడిచాను. నా చెయ్యి గట్టిగా నొక్కి, బస్సెక్కేసింది.

పేరు అడగలేదు. క్షేమంగా తిరిగొచ్చిందో లేదో ఈనాటికీ తెలియదు.

ఆ వారమే మా మరిది ఉద్యోగం ఇంటర్వ్యూకి బయల్దేరుతూ, "వదినా, కాస్త లోపలికి వెళ్ళండి" అన్నాడు.

గుమ్మంలోంచి కదల్లేదు. "గరాజ్ తలుపుందిగా. భయమైతే అటునుంచి పో" అన్నాను.